వార్త ఏ బిల్డింగ్‌లోంచి వచ్చింది?

"పొద్దున్నే లేచి పేపర్ చదవరా, నాలుగు విషయాలు తెలుస్తాయి." ఈ మాట అనిపించుకోకుండా పెరిగిన తెలుగు ఇంజనీరు ఎవరైనా ఉన్నారంటే నేను నమ్మను. నాన్న అన్నాడు, లెక్కల మాస్టారు అన్నారు, చివరికి క్యాంపస్ ఇంటర్వ్యూలకి ముందు శిక్షణ ఇచ్చినాయన కూడా అన్నాడు. చదవమన్నవాళ్ళే గానీ ఎలా చదవాలో చెప్పినవాళ్ళు మాత్రం నాకు ఒక్కరూ తగల్లేదు. పేపర్ చదవడానికి 'ఎలా' ఏమిటి, కళ్ళజోడు పెట్టుకుని చదవడమే కదా అనుకునేవాళ్ళు కాబోలు.

ఇప్పుడు కాలం మారింది. స్కూళ్ళలో, డిగ్రీ కాలేజీల్లో ఇదొక అసైన్‌మెంటు. ఈమధ్య వచ్చిన వార్త ఒకటి వెతికి పట్టుకో, రెండొందల మాటల్లో దాని సారాంశం రాయి, చివర్లో ఆ వార్త ఎంతవరకు నమ్మొచ్చో నీ అభిప్రాయం రాయి. గ్రూప్స్‌కీ సివిల్స్‌కీ చదివేవాళ్ళకైతే ఇది రోజూ ఉండే పనే, వాళ్ళ భాషలో కరెంట్ అఫైర్స్ నోట్సు. వెతకడం, కుదించడం, తూచడం. మూడు పనులు, ఆ వరసలో.

నా గొడవంతా ఆ వరసతోనే. తూచడాన్ని తీసుకెళ్ళి చివర్లో పెట్టారు. అప్పటికి పిల్లాడికి ఓపికా అయిపోతుంది, పేజీ కూడా అయిపోతుంది. "ఈ వార్త చాలా ఉపయోగకరమైనది, అందరూ చదవదగినది" అని ఒక ముక్క రాసి ముగించేస్తాడు. అంతకన్నా పెద్ద చిక్కు ఇంకోటుంది. కుదించాక తూచడానికి ఏమీ మిగలదు. తూకానికి కావలసిన సరుకంతా కుదించేటప్పుడే చెత్తబుట్టలోకి పోతుంది. కాబట్టి ముందు తూచి, ఆ తర్వాత కుదించాలి అంటాను నేను. ఎందుకో చెప్తాను. కాస్త పొడుగ్గానే ఉంటుంది, టీ తెచ్చుకోండి.

ముందు వెతకడం సంగతి. ఇరవయ్యేళ్ళ క్రితం నెట్లో తెలుగు వార్త వెతకడమంటే నిజంగానే కష్టం. పేపర్ల సైట్లు ఒక్కోటీ ఒక్కో సొంత ఫాంటులో ఉండేవి. ఈనాడుకి ఒకటి, వార్తకి ఇంకొకటి. తెర మీద కనిపించేది తెలుగే, కానీ లోపల దాచింది తెలుగు కాదు, వేరే అక్షరాల గందరగోళం. గూగులమ్మకి అదేమీ అర్థమయ్యేది కాదు. వెన్న నాగార్జున గారు ఫైర్‌ఫాక్స్ కోసం చేసిన 'పద్మ' పెట్టుకుంటే ఆ పేజీలు యూనికోడ్‌లోకి మారి కనిపించేవి. ఆ రోజుల్లో పరాయి దేశంలో కూర్చుని తెలుగు పేపర్ చదివినవాళ్ళకి పద్మ చేసిన మేలు గుర్తుండే ఉంటుంది.

ఇప్పుడా బాధ లేదు. ఫోన్ తీస్తే చాలు, వార్త వచ్చి మీద పడుతుంది. ఐతే ఇక్కడో మెలిక ఉంది. వెతకడం వేరు, వచ్చి పడడం వేరు. వచ్చి పడిన వార్తని మీకోసం ఎంచింది ఒక ప్రోగ్రాం, మీరు నిన్నా మొన్నా ఏది నొక్కారో చూసి. అలాంటి ప్రోగ్రాములు రాసే ఉద్యోగం మనలో కొందరిదే కనుక అది ఎలా పనిచేస్తుందో నేను కొత్తగా చెప్పక్కర్లేదు. పైగా ఇన్‌షార్ట్స్ అరవై మాటల్లో వార్త ఇస్తుంది. తెలుగులో వే2న్యూస్ కూడా అలాంటి పొట్టి వార్తలదే. అవి చెడ్డవని నేను అనను, బస్సులో నిలబడి చదువుకోవడానికి భేషుగ్గా ఉంటాయి. కానీ అసైన్‌మెంటుకి పనికిరావు. ఎవరో ఒకసారి కుదించిందాన్ని మళ్ళీ కుదించడమంటే జేపెగ్ బొమ్మని తెరిచి మళ్ళీమళ్ళీ సేవ్ చేసినట్టు ఉంటుంది. ప్రతిసారీ కొంచెం పోతుంది, ఏం పోయిందో చూస్తే తెలీదు.

ఇక కుదించడం. మా పిన్ని కూతురు రెడ్‌హిల్స్‌లో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతోంది. లక్డీకాపూల్ మెట్రో స్టేషన్ నుంచి నడిచి వెళ్ళిపోవచ్చు. మొన్నామధ్య తన అసైన్‌మెంటు పంపించి "అన్నయ్యా, ఒకసారి చూసి పెట్టవా" అంది. ఏదో వంతెన పనుల గురించిన వార్త. సారాంశంలో మొదటి వాక్యం: వంతెన ఆరు నెలల్లో పూర్తవుతుంది. అసలు వార్త తెరిస్తే అక్కడున్నది: వంతెనను ఆరు నెలల్లో పూర్తి చేస్తామని అధికారులు తెలిపారు.

"అధికారులు తెలిపారు అన్నది ఏమైందే?" అని అడిగాను.

"ప్రతి వాక్యం చివరా అదే ఉంది అన్నయ్యా. మాటలు ఎక్కువైపోతున్నాయని తీసేశాను" అంది.

దాన్ని అనడానికేముంది? సారాంశమంటే అనవసరమైనవి తీసెయ్యడమని నేర్పారు, తీసేసింది. వాక్యం చివర వేలాడే తెలిపారు, అన్నారు, పేర్కొన్నారు అనేవి చూడ్డానికి అనవసరంగానే ఉంటాయి. మన తెలుగు వాక్యం కట్టుబడే అంత. మాట ముందొస్తుంది, అన్నవాడు తరచుగా చివర్లో వస్తాడు. కత్తెర పెడితే మొదట తెగేది ఆ తోకే. తోక తెగగానే, ఒక అధికారి మైకు ముందు చెప్పిన మాట కాస్తా జరగబోయే నిజమై కూర్చుంటుంది.

మాట్లాడుకునేటప్పుడు మనకి ఈ ప్రమాదం తక్కువ. "వాడు ఉద్యోగం మానేశాడు" అనడానికీ "మానేశాడట" అనడానికీ ఎంత తేడా! ఆ ఒక్క 'ట'తో నేను చూళ్ళేదు, ఎవరో చెప్పగా విన్నాను అని ఒప్పేసుకుంటాం. మా అమ్మమ్మ ఊళ్ళో ఏ కబురొచ్చినా "నీకెవరు చెప్పారే?" అని అడిగాకే మిగతాది వినేది. పేపర్ రాతలో ఆ 'ట'కి చోటు లేదు. దాని బదులు వాళ్ళకో చిన్న నిఘంటువు ఉంది. "సమాచారం" అని ముగిస్తే ఎవరో చెప్పారు, పేరు రాయొద్దన్నారు. "విశ్వసనీయంగా తెలిసింది" అంటే ఇంకొంచెం పెద్దవాళ్ళు చెప్పారు, పేరు అసలే రాయొద్దన్నారు. "జోరుగా ప్రచారం జరుగుతోంది" అంటే చెప్పినవాళ్ళెవరూ దొరకలేదు. "పరిశీలకులు భావిస్తున్నారు" అంటే చాలాసార్లు రాసినాయన భావిస్తున్నాడు :). హెడ్డింగ్ చివర ప్రశ్నార్థకం ఉంటే లోపల జవాబు ఉంటుందని ఆశపడకండి. ఇవన్నీ తూకం రాళ్ళు. సారాంశంలో వీటిలో ఒక్కటీ మిగలదు.

మరి తూచడం ఎలా? నా దగ్గరున్నది ఒకే ఒక్క ప్రశ్న. ఈ వార్త ఏ బిల్డింగ్‌లోంచి వచ్చింది?

నవ్వకండి. ఈ ప్రశ్న నాకు మెట్రోలో తట్టింది. అమీర్‌పేట నుంచి ఎల్బీనగర్ దాకా ఉన్న లైను 2018 సెప్టెంబర్ 24న మొదలైంది. దాంట్లో ఖైరతాబాద్ దాటాక వరసగా వచ్చే స్టేషన్ల పేర్లు వినండి: లక్డీకాపూల్, అసెంబ్లీ, నాంపల్లి, గాంధీభవన్. పేపర్లో రాష్ట్రం వార్తల పేజీకి విషయసూచికలా లేదూ? లక్డీకాపూల్‌లో డీజీపీ ఆఫీసు. కాస్త ముందుకెళ్తే అసెంబ్లీ. నాంపల్లిలో ఇంటర్ బోర్డు, పబ్లిక్ సర్వీస్ కమిషన్, క్రిమినల్ కోర్టులు, కాంగ్రెస్ వాళ్ళ గాంధీభవన్, బీజేపీ రాష్ట్ర ఆఫీసు. ఇటు బషీర్‌బాగ్ ప్రెస్‌క్లబ్ ఉన్నది దేశోద్ధారక భవన్‌లో. దేశోద్ధారకుడంటే 1908లో బొంబాయిలో ఆంధ్రపత్రిక మొదలుపెట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు. తెలుగు విశ్వవిద్యాలయానికి ఇప్పుడు పెట్టిన పేరు సురవరం ప్రతాపరెడ్డి గారిది. ఆయన 1926లో గోలకొండ పత్రిక పెట్టినాయన. లక్డీకాపూల్ అంటే కర్ర వంతెన. ఇప్పుడక్కడ కర్ర లేదు, పేరే మిగిలింది. కానీ వార్తలు దాటే వంతెన మాత్రం ఇప్పటికీ అదే.

ఈ బిల్డింగ్‌లన్నీ ఒకటి కావు. ఒక్కోదాన్లోంచి వచ్చే మాటకి ఒక్కో బరువు. డీజీపీ ఆఫీసు నుంచో, ఏదో కమిషనరేట్ నుంచో "నిందితుడు నేరం ఒప్పుకున్నాడు" అని వార్త వస్తుంది. చదివినవాడు కేసు తేలిపోయిందనుకుంటాడు. కానీ పోలీసు అధికారి ముందు ఒప్పుకున్న మాట ఆ నిందితుడి మీద సాక్ష్యంగా చెల్లదని 1872 నాటి సాక్ష్యాధారాల చట్టం 25వ సెక్షనే చెప్పింది. 2024 జులై 1 నుంచి అమల్లోకొచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్‌లో అది 23వ సెక్షన్. పోలీసుల మైకు దగ్గర్నుంచి నాంపల్లి కోర్టుకి దారి కొంచెమే, కాని ఆ మాట అక్కడికి చేరేసరికి బరువు మారిపోతుంది.

అసెంబ్లీలో ఒక సభ్యుడు ఎవరిమీదో ఆరోపణ చేస్తాడు. సభలో అన్న మాటకి కోర్టులో కేసు పెట్టడానికి వీల్లేదని రాజ్యాంగం 194వ అధికరణ రక్షణ ఇచ్చింది. అదే మనిషి అదే మాట బయట పార్టీ ఆఫీసులో అంటే పరువునష్టం దావా ఎదుర్కోవాల్సి రావొచ్చు. సభలో గట్టిగా అన్నాయన బయట మైకు ముందు మెత్తబడితే అది కూడా ఒక సమాచారమే. "ఫలానా నాయకుడు ఆరోపించారు" అని కుదిస్తే అదంతా పోయింది.

నాంపల్లిలోనే జరిగిన ఒక పెద్ద విషయం తీసుకుందాం. 2019 ఏప్రిల్ 18న తెలంగాణ ఇంటర్ ఫలితాలు వచ్చాయి. మనవాళ్ళందరికీ గుర్తుండే ఉంటుంది, ఎందుకంటే అందులో దోషిగా నిలబడింది సాఫ్ట్‌వేర్. పరీక్ష రాసినవాళ్ళు రాయలేదని వచ్చింది, మార్కులు తారుమారయ్యాయి, బోర్డు ముందు తల్లిదండ్రులు ధర్నాలు చేశారు. ప్రాణాలు తీసుకున్న పిల్లలున్నారు. అందుకని ఆ వార్తల్ని ఆచితూచి చదవాల్సిన అవసరం ఇంకా ఎక్కువ.

ఆ వారమంతా బాగా తిరిగింది ఒక అమ్మాయి కథ. మంచిర్యాల జిల్లా అమ్మాయి, తెలుగులో సున్నా వచ్చింది, మళ్ళీ చూస్తే 99. "సాఫ్ట్‌వేర్ తప్పుతో 99 కాస్తా సున్నా అయింది" అని ఒక్క వాక్యంలో చాలామంది చెప్పుకున్నారు. అసలు జరిగింది వేరు. పేపర్ దిద్దినవాళ్ళు ఓఎంఆర్ షీట్‌లో 99కి బదులు 00 దిద్దారు, దాన్ని సరిచూడాల్సిన మనిషి కూడా చూడలేదు. ఆ ఇద్దరి మీదా చర్య తీసుకున్నారు. అంటే ఈ ఒక్క కేసులో కంప్యూటర్‌కి ఇచ్చిందే సున్నా, అది చూపించిందీ సున్నాయే. మనకి తెలిసిన సూత్రమే, చెత్త లోపలికెళ్తే చెత్తే బయటికొస్తుంది. మిగతా చోట్ల సాఫ్ట్‌వేర్ లోపాలు లేవని కాదు. ప్రభుత్వం వేసిన ముగ్గురు సభ్యుల కమిటీ సాఫ్ట్‌వేర్ లోపాల్నీ చెప్పింది, బోర్డు వైపు లోపాల్నీ చెప్పింది. కానీ రెండు రకాల తప్పుల్ని ఒక మూట కట్టేస్తే రెండోసారి జరక్కుండా ఏది బాగుచెయ్యాలో తెలీదు. ప్రొడక్షన్‌లో రెండు బగ్‌లు పడితే రెంటికీ ఒకే టికెట్ తెరిచే మేనేజర్ని మనం ఏమనుకుంటాం?

అదే ఫలితాల్లో ఇంకో అంకె. ఫెయిలైనవాళ్ళు 3 లక్షలకు పైనే. వాళ్ళందరి పేపర్లూ మళ్ళీ చూశాక పాసైనట్టు తేలినవాళ్ళు 1,137 మంది. దీన్ని "1,137 మంది పిల్లల్ని అన్యాయంగా ఫెయిల్ చేశారు" అనీ రాయొచ్చు, "వెయ్యికి నలుగురి లోపే తేడా" అనీ రాయొచ్చు. రెండూ నిజమే. మొదటిది తల్లిదండ్రుల వైపు నుంచి చూస్తే వచ్చే వాక్యం, రెండోది బోర్డు బిల్డింగ్ కిటికీలోంచి చూస్తే వచ్చే వాక్యం. విద్యార్థి సారాంశంలో ఏదో ఒకటే రాసి అది ఎవరి వాక్యమో చెప్పకపోతే, తనకి తెలీకుండానే ఒక పక్షం వకాల్తా పుచ్చుకున్నట్టు.

ఇక్కడ ఒకాయన లేచి "రెండు పేపర్లు చదివితే సరిపోతుంది కదండీ" అంటాడు. ఈ సలహా చాలా పాతది, చాలా గౌరవనీయమైనది, తెలుగులో మాత్రం అంతగా పనిచెయ్యదు. సాక్షిని 2008లో పెట్టింది జగన్మోహన్ రెడ్డి. 2011లో వచ్చిన నమస్తే తెలంగాణ అప్పటి టీఆర్ఎస్ గొంతుగా పేరుపడింది. ఈనాడు, ఆంధ్రజ్యోతి తెలుగుదేశం వైపని ఎదుటివాళ్ళు అంటారు (చూశారా, 'అంటారు' వదల్లేదు). ఒకటి ఇటూ ఒకటి అటూ చదివి సగటు తీస్తే నిజం వచ్చేస్తుందనుకోవడం లెక్కల్లో కూడా తప్పు.

నన్నడిగితే పేపర్లు లెక్కపెట్టడం మానేసి బిల్డింగ్‌లు లెక్కపెట్టాలి. ఒకే ప్రెస్‌నోట్‌ని ఐదు పేపర్లు వేసుకుంటే వార్తలు ఐదు, ఆధారం ఒకటే. ఐదు చోట్ల చదివాను కాబట్టి నిజమే అనుకుంటే ఒకే సర్వర్‌ని ఐదు బ్రౌజర్లలో తెరిచి "ఐదు సర్వర్లూ బాగానే ఉన్నాయి" అన్నట్టు. దీనికి ఉల్టా కూడా ఉంది. ఒకదానికొకటి పడని రెండు పేపర్లు, రెండు వేరువేరు చోట్ల నుంచి తెచ్చుకుని, ఒకే అంకె వేశాయనుకోండి. దానికి బరువెక్కువ. కొట్టుకునే దాయాదులిద్దరూ పొలం గట్టు ఒకే చోట చూపిస్తే సర్వేయర్ కూడా నమ్ముతాడు.

కొన్నిటికి అసలు బిల్డింగే ఉండదు. 2018 మే నెలలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని వాట్సాప్‌లో వచ్చిన మెసేజ్‌లు గుర్తున్నాయా? ఎవరు చెప్పారో లేదు, ఏ స్టేషన్లో కేసుందో లేదు, ఏ ఊళ్ళో ఎప్పుడో లేదు. మే 26 రాత్రి పాతబస్తీలో చాంద్రాయణగుట్ట దగ్గర ఒక ట్రాన్స్‌జెండర్ మహిళని జనం ఆ అనుమానంతో కొట్టి చంపేశారు. లక్డీకాపూల్‌లో ఉన్న పోలీసు ముఖ్య కార్యాలయానికి ఫోన్ చేస్తే తేలిపోయే విషయం ఒక ప్రాణం తీసింది. అదే రోజుల్లో జోగుళాంబ గద్వాల ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి గారు ఊళ్ళకి పోలీసుల్ని పంపించి, డప్పులతో పాటలు కట్టించి, వచ్చిన మెసేజ్‌ని నమ్మేముందు అడగండని చెప్పించారు. అంటే మా అమ్మమ్మ ప్రశ్నే, "నీకెవరు చెప్పారే?"

బిల్డింగ్‌తో పాటు తేదీ కూడా ముఖ్యం. గ్రూప్-1 సంగతే చూడండి. 2024లో 563 పోస్టులకి 4 లక్షల మందికి పైగా దరఖాస్తు చేశారు. 2025 సెప్టెంబర్ 9న హైకోర్టు సింగిల్ జడ్జి మెయిన్స్ ర్యాంకుల జాబితాని కొట్టేసి, పేపర్లు మళ్ళీ దిద్దాలనీ, ఎనిమిది నెలల్లో అది జరక్కపోతే మెయిన్స్ మళ్ళీ పెట్టాలనీ తీర్పిచ్చారు. 15 రోజులు తిరిగేసరికి, సెప్టెంబర్ 24న డివిజన్ బెంచ్ ఆ తీర్పుని నిలిపేసింది. సెప్టెంబర్ 9 వార్తని "గ్రూప్-1 రద్దు" అని రెండు మాటల్లో నోట్సులో రాసుకున్నవాడి పరిస్థితి ఏమిటి? ఒకటి, అసలు తీర్పులో ఉన్నది ఆ రెండు మాటలు కావు. రెండు, పక్కన తేదీ, కోర్టులో ఏ మెట్టు అన్నది లేకపోతే ఆ నోట్సు రెండు వారాల్లో అబద్ధమైపోయింది. కోర్టు వార్త రాసుకునేటప్పుడు 'సింగిల్ జడ్జి' అన్న మాట అలంకారం కాదు, పైన ఇంకో మెట్టు ఉందని చెప్పే గుర్తు.

ఇంక మన రంగం వైపు వద్దాం. 2022 నవంబర్ చివర్లో చాట్‌జీపీటీ వచ్చాక కుదించే పని మనుషులకి అక్కర్లేకుండా పోయింది. లంకె ఇస్తే చాలు, తెలుగులో ఐదు పాయింట్లు చేతిలో పెడుతుంది. చక్కటి వాక్యాలు, అక్షరదోషం ఉండదు. పిల్లల్ని వాడొద్దని చెప్పి లాభం లేదు, మనమే ఆఫీసులో రోజంతా వాడుతున్నాం. కానీ ఒక పరిశీలన ఫలితం వాళ్ళకి చూపించొచ్చు. యూరోపియన్ బ్రాడ్‌కాస్టింగ్ యూనియన్, బీబీసీ కలిసి 18 దేశాల్లోని 22 ప్రజా ప్రసార సంస్థలతో, 14 భాషల్లో, వార్తల గురించి ఏఐ సహాయకులు ఇచ్చే జవాబుల్ని జర్నలిస్టుల చేత దిద్దించాయి. 2025 అక్టోబర్‌లో ఫలితం వచ్చింది. 45 శాతం జవాబుల్లో కనీసం ఒక పెద్ద లోపం. 31 శాతం జవాబుల్లో ఆధారాలకి సంబంధించిన లోపాలే, అంటే ఎవరన్నారో చెప్పకపోవడం, అననివాళ్ళకి అంటగట్టడం, లేని ఆధారం చూపించడం. మా పిన్ని కూతురు ఎక్కడ కత్తెర పెట్టిందో మిషను కూడా అక్కడే పెడుతోందన్నమాట.

దీనికొక అభ్యంతరం ఉంది, అది న్యాయమైనదే. "మీరు ఉద్యోగాల్లో కూర్చుని కబుర్లు చెప్తారు. గ్రూప్స్ కుర్రాడు రోజుకి నలభై వార్తలు చూడాలి, అశోక్‌నగర్ రూములో అద్దె కట్టుకుంటూ మూడేళ్ళుగా చదువుతున్నాడు. పరీక్షలో అడిగేది బిట్లు. ఎవరు, ఎప్పుడు, ఎక్కడ. ప్రతి వార్తకీ బిల్డింగ్ వెతుక్కుంటూ కూర్చుంటే సిలబస్ అయినట్టే." నిజమే. నలభైకి నలభై తూచమని నేనూ అనను. అవార్డు ఎవరికొచ్చింది, కప్పు ఎవరు గెలిచారు లాంటి వాటికి తూకం అక్కర్లేదు.

కానీ ఆ బిట్ల పరీక్ష పెట్టే కమిషన్‌నే చూడండి. ప్రిలిమ్స్ అయ్యాక ప్రాథమిక 'కీ' విడుదల చేసి అభ్యంతరాలు అడుగుతుంది. ఏమని అడుగుతుంది? మీ జవాబే సరైనదంటే ఆధారం చూపించండి, పుస్తకమైతే రచయిత, ఎడిషన్, పేజీ నంబర్, వెబ్‌సైటైతే చిరునామా. "యాప్‌లో చదివానండీ" అంటే ఒప్పుకోరు. ఒక్క మార్కుతో జీవితం అటూ ఇటూ అయ్యే చోట, నాంపల్లిలో ఆ కిటికీ దగ్గర, అడిగేది నేను చెప్తున్న ప్రశ్నే. రోజూ నోట్సులో ఆధారం రాసుకున్నవాడికి అది ఐదు నిమిషాల పని. రాసుకోనివాడు ఆ కొద్ది రోజుల గడువులో ఏడాది క్రితం వార్త కోసం గూగులిస్తూ కూర్చుంటాడు. మెయిన్స్‌లో వ్యాసం రాసేటప్పుడు సరేసరి. "నివేదికలు చెబుతున్నాయి" అని రాసేవాడికీ, ఏ నివేదికో ఏ ఏడాదిదో రాసేవాడికీ తేడా దిద్దేవాళ్ళకి కనిపించకుండా ఉండదు.

కాబట్టి విద్యార్థులకి నేను చెప్పేది చాలా చిన్న పని. సారాంశం మొదలెట్టే ముందు కాగితం పైన నాలుగు గీతలు. ఒకటి, ఈ మాట ఎవరన్నారు, ఏ బిల్డింగ్‌లోంచి. రెండు, సంగతి జరిగిన తేదీ, వార్త వచ్చిన తేదీ. మూడు, ఇందులో ఎవర్ని అడగాల్సింది, అడగలేదు (వంతెన వార్తలో కాంట్రాక్టరూ లేడు, ఆ దారిన రోజూ పోయేవాళ్ళూ లేరు). నాలుగు, ఇది మారితే నాకెక్కడ తెలుస్తుంది. ఈ నాలుగూ రాశాక కుదించు, ఎంత కావాలంటే అంత కుదించు, యాప్‌తో చేయించుకున్నా నాకభ్యంతరం లేదు. 'అన్నారు'ని మాత్రం ముట్టుకోకు. ఎలా ఉంటుందో చూడాలంటే హైదరాబాద్ నుంచే నడిచే ఫ్యాక్ట్‌లీ వాళ్ళ తెలుగు పేజీ ఒకటి తెరవండి. వాళ్ళు ఒక పుకారు అబద్ధమని తేల్చేటప్పుడు ఎక్కడెక్కడ చూశారో వరసగా చెప్తారు. తీర్పు కన్నా ఆ దారి చూడ్డం పిల్లలకి ఎక్కువ ఉపయోగం.

అసైన్‌మెంట్లు ఇచ్చే మాస్టార్లకి ఒక విన్నపం. అట్టల మీద క్లిప్పింగులు అందంగా అంటించినందుకు వేసే ఐదు మార్కులు ఈ నాలుగు గీతలకి వెయ్యండి. పిల్లలు మార్కులున్న చోటే చదువుతారు, మనమూ అలాగే చదివాం.

ఇక మనవాళ్ళకి, అంటే మనకి. ఆఫీసులో ఎవరైనా "అప్లికేషన్ పనిచెయ్యట్లేదు" అని మెయిల్ పెడితే ఊరుకోం. ఏ పేజీ, ఎప్పుడు, ఏ ఎర్రర్, లాగ్ ఎక్కడ అని నాలుగు ప్రశ్నలు వేసి గానీ కుర్చీలోంచి కదలం. అదే ఇంజనీరు సాయంత్రం ఇంటికొచ్చి, "బ్యాంకులన్నీ మూసేస్తున్నారట" అనే మెసేజ్‌ని 'ట' కూడా తీసేసి ముగ్గురికి పంపిస్తాడు. ఇంట్లో చదువుకునే పిల్లలు చూసి నేర్చుకునేది రెండోదాన్నే. వాళ్ళు అసైన్‌మెంటు పట్టుకుని మన దగ్గరికొస్తే మనం చేసేది కూడా ఇంగ్లీషు దిద్దడం, ఫాంటు మార్చడం.

ఈసారి వస్తే ఫాంటు జోలికి పోకండి. మొదటి వాక్యం మీద వేలు పెట్టి, ఇది ఎవరన్నారు అని అడగండి. పిల్ల దగ్గర జవాబుంటే మిగతా పేజీ తనే చూసుకుంటుంది. లేకపోతే ఇద్దరూ కలిసి అసలు వార్త తెరిచి వెతకండి, పది నిమిషాలు పడుతుంది.